రామక్క ఇప్పటికీ ఆ ఇంట్లోనే

మదనపల్లెలో ఆఫీసులన్నీ ఉన్న వీధిలో, వాటికి ఎదురు వరసలో, బాబు సాహెబ్‌ది జాబ్ టైపింగ్ అంగడి. మూడు మిషన్లు, రెండు బల్లలు, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక పొడుగాటి బెంచీ. అర్జీలు, అఫిడవిట్లు, బాడుగ కరారులు, ఏవైనా అక్కడే టైపు చేయించుకుని రోడ్డు దాటి ఆఫీసుల్లోకి పోయేవాళ్ళు జనం.

1997లో ఆ అంగట్లో రెండో మిషను సుధారాణిది. ఆమె ఊరు పుంగనూరు. పొద్దున ఎనిమిదిన్నర బస్సుకు వచ్చి సాయంత్రం ఆరింటి బస్సుకు తిరిగి పోయేది. ఇరవై రెండేళ్ళ పిల్ల. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది గానీ ఇంగ్లీషు టైపు లోయరూ హయ్యరూ రెండూ ఫస్టుక్లాసులో పాసైంది. కీబోర్డు వైపు చూడకుండా, పక్కవాళ్ళతో మాట్లాడుతూ కూడా తప్పు పోకుండా కొట్టేది. ఆ వేళ్ళంటే ఆమెకు గర్వం. అంతకంటే తన ఇంగ్లీషంటే గర్వం.

ఆ ఇంగ్లీషు పుంగనూరు హైస్కూల్లో ధనుంజయ మాస్టరు దగ్గర నేర్చుకున్నది. క్రియ చివర ఇ-డి చేర్చితే గడిచిన కాలం వస్తుంది. 'లివ్' లాగా చివర ముందే ఇ ఉంటే డి ఒక్కటి చాలు. 'క్యారీ'లో వై పోయి ఐ వస్తుంది. 'స్టాప్'లో పి రెండవుతుంది. ఇవన్నీ ఆమెకు ఎక్కాలంత గట్టిగా వచ్చు. అంగట్లో చేరిన మొదటి నెలలోనే నమూనా కాగితాల్లో 'స్టాప్డ్' అన్న మాటకు ఒకే పి ఉంటే పట్టుకుంది. బాబు సాహెబ్ కళ్ళద్దాలు పైకి తోసుకుని ఆ మాటను చాలాసేపు చూశాడు.

"పదేండ్ల నుంచి ఇట్లే కొడతాండాను బేటీ. ఒక్కరూ అడగలే" అన్నాడు. ఆ రోజు నుంచి ఏ కాగితమైనా ఆమె ఒకసారి చూసిన తర్వాతే గిరాకీ చేతికిచ్చేవాడు.

బాబు సాహెబ్ ఉర్దూ బడిలో అయిదో తరగతి వరకే చదివాడు. తర్వాత ఒక వకీలు దగ్గర చేరి, ఆయన చెప్పిందల్లా టైపు కొట్టీ కొట్టీ ఇంగ్లీషును వేళ్ళతో నేర్చుకున్నాడు. వ్యాకరణం అడిగితే ఒక్క ముక్క చెప్పలేడు. కానీ ఆయన దగ్గర గోనెగుడ్డలో కట్టిన ఒక నమూనాల కట్ట ఉండేది. ఏ పనికి ఏ కాగితమో అందులో దొరికేది. పేరూ ఊరూ మార్చి, మిగిలింది ఉన్నదున్నట్టు కొట్టడమే అక్కడి పద్ధతి.

ఆ ఏడు మే నెలలో, ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం, రామకుప్పం పక్క పల్లె నుంచి రామక్క అనే ఆవిడ వచ్చింది. వయసు అరవైకి దగ్గరగా ఉంటుంది. కుప్పంలో ఎక్కి, రెండు బస్సులు మారి వచ్చిందట. ఆమె మొగుడు అంకయ్య రాతిగుండ్లు పగలగొట్టే పని చేసేవాడు, చనిపోయాడు. పోరంబోకు స్థలంలో ఇద్దరూ కలిసి కట్టుకున్న చిన్న ఇల్లు ఒకటి ఉంది. ఆ స్థలానికి పట్టా కావాలని ఎదురుగా ఉన్న రెవెన్యూ ఆఫీసులో అర్జీ పెట్టుకుంది. అందులోనే కాపురముంటున్నట్టు ప్రమాణ పత్రం తెమ్మన్నారట.

"ఎన్నేండ్లుగా ఉండావు అవ్వా ఆ ఇంట్లో?" సుధారాణి అడిగింది.

"ఇరవై రెండు నిండినాయి పాపా. డెబ్బై అయిదులో వస్తిమి."

బాబు సాహెబ్ కట్టలోంచి నమూనా తీసి ఆమె ముందు పెట్టి, నమాజుకు వేళయిందని మసీదుకు పోయాడు. సుధారాణి స్టాంపు కాగితం మిషనుకు ఎక్కించి కొట్టడం మొదలుపెట్టింది. మూడో పేరా దగ్గర వేళ్ళు ఆగాయి. 'ది డిపోనెంట్ హేజ్ లివ్డ్ ఇన్ ది సెడ్ హౌస్' అని ఉంది నమూనాలో. డిపోనెంట్ అంటే ప్రమాణం చేసే మనిషి.

హేజ్ ఎందుకు ఇక్కడ? ఇప్పుడే ముగిసిన పనికి హేజ్ పెట్టాలని మాస్టరు చెప్పాడు. ఇప్పుడే అన్నం తిన్నాను, ఇప్పుడే బస్సు వచ్చింది, అలాంటివాటికి. ఇరవై రెండేళ్ళ కిందటి సంగతి ఇప్పుడే ముగిసిందెట్లా అవుతుంది? ఇరవై రెండేళ్ళు గడిచిపోయాయి. గడిచిపోయినదానికి 'లివ్డ్' చాలు. ఇది కూడా ఒక పి తక్కువైన 'స్టాప్డ్' లాంటిదే అనుకుంది. బాబు సాహెబ్ వచ్చేదాకా ఆగి అడగవచ్చు. అడగాలనిపించలేదు. హేజ్ తీసేసి 'ది డిపోనెంట్ లివ్డ్ ఇన్ ది సెడ్ హౌస్ ఫర్ ట్వెంటీ టూ ఇయర్స్' అని టకటకా కొట్టేసింది. ఆ వాక్యం ఆమెకు ఎంతో శుభ్రంగా కనిపించింది.

రామక్క వేలిముద్ర వేసి, కాగితం మడిచి రొంటిన దోపుకుని పోయింది.

ఆగస్టులో మళ్ళీ వచ్చింది. ఈసారి ఒంటరిగా కాదు. ఆ ఆఫీసు గుమాస్తా ఆంజనేయులు ఆమెను వెంటబెట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు. ఆయన రోజూ టీకి ఆ పక్కకే వస్తాడు, అంగడివాళ్ళకు బాగా తెలిసినవాడు. చేతిలో మే నెల అఫిడవిట్టు, దాని అంచున ఎర్ర సిరాతో రెండు వాక్యాలు.

"బాబు సాహెబ్, ఈ కాగితం మీ అంగట్లో కొట్టిందే కదప్పా? అర్జీ తిరిగొచ్చేసింది. ఈమె ఇప్పుడు ఆ ఇంట్లో లేదని ఈమే ప్రమాణం చేసుండాది."

"నేనెప్పుడు సెప్పినానప్పా అట్ల?" రామక్క గొంతు పెరిగింది. "పొద్దున ఆ ఇంటికి తాళం ఏసుకోని గదా బస్సెక్కినా!"

"నువ్వు చెప్పలేదమ్మా. కాగితం చెప్తాంది. లివ్డ్ ఫర్ ట్వెంటీ టూ ఇయర్స్ అని ఉండాది. అంటే ఇరవై రెండేండ్లు ఉండె, అంతటితో సరి. ఇప్పుడు లేదని." ఆంజనేయులు గొంతు తగ్గించాడు. "దానికి తోడు వీళ్ళ ఊర్లో ఎవరో ఈమె ఇల్లిడిసి పెట్టి చెల్లెలింటికి ఎళ్ళిపోయిందని ఇంకో అర్జీ పెట్టినారు. ఆ స్థలం మీద కన్ను. రెండూ కలిపి సూస్తే ఆఫీసరు ఇంకేం రాస్తాడు? పదైదు దినాల్లో సరైన కాగితం తెచ్చుకోమన్నాడు. అదీ నేను అడిగితే."

సుధారాణి చేతులు కీబోర్డు మీదే ఉండిపోయాయి. బాబు సాహెబ్ నమూనాల కట్ట విప్పి, ఆ కాగితం తీసి, రెండూ పక్కపక్కన పెట్టి ఒక్కో మాట మీద వేలు పెడుతూ పోయాడు. మూడో పేరాలో వేలు ఆగింది. సుధారాణి వైపు చూశాడు. కోపగించుకోలేదు. రామక్క వైపు తిరిగి, "తప్పు మా అంగడిదమ్మా" అన్నాడు.

అంగడిది అన్నాడు, ఆ పిల్లది అనలేదు. ఆ మాటకు సుధారాణికి మొహం కాలిపోయినట్టయింది. లేచి నిలబడింది.

"సార్‌ది కాదవ్వా. నమూనాలో సరిగ్గానే ఉండె. నేనే మార్చినాను. నాకు తెలుసనుకోని మార్చినాను."

రామక్క ఆమె మొహంలోకి చూసింది. ఊరుకోమ్మా అని ఓదార్చలేదు.

"ఏండ్లు సరిగ్గా సెప్పినా. పేరు సరిగ్గా సెప్పినా. నాకు సదువు రాదని నీ సేతిలో పెట్టినా. ఇంగ నేనేం సెయ్యాల్నో నువ్వే సెప్పు పాపా" అంది.

"మళ్ళీ నేనే రాస్తానవ్వా. ఈసారి తెలుసుకోని రాస్తాను. ఆదివారం నేనే మీ ఊరికొస్తాను. నువ్వు ఇంకోసారి బస్సెక్కొద్దు."

ఆ సాయంత్రం పుంగనూరులో బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా ధనుంజయ మాస్టరింటికి పోయింది. ఆయన వసారాలో పరీక్ష కాగితాలు దిద్దుతున్నాడు. ఆమె జరిగిందంతా చెప్పి, ఏమీ దాచకుండా, చివరకు అడిగింది: "ఇప్పుడే ముగిసిన పనికి గదా సార్ హేజ్ అని మీరు చెప్పింది?"

మాస్టరు కలం మూత పెట్టాడు. "చెప్పినాను. పరీక్షకు అది చాలు. అది సగమేనమ్మా. మిగతా సగం నేను చెప్పలేదు, మీరూ అడగలేదు." కాగితాలు పక్కన పెట్టి, "సుధా, నువ్వు పుంగనూర్లో ఎన్నేండ్లుగా ఉండావు?" అన్నాడు.

"పుట్టినప్పటి నుంచి సార్. ఇరవై రెండేండ్లుగా ఉండాను."

"ఉండాను అంటివి. ఉంటిని అని యాల అనలేదు?"

"ఇప్పుడూ ఈడే ఉండాను కాబట్టి."

"అంతే! తెలుగులో ఏండ్లుగా అని ఒక 'గా' తగిలించి, ఉండాను అంటే సరిపాయె. ఎవరూ నేర్పకుండానే నీకొచ్చింది. ఇంగ్లీషులో ఆ పనిని హేజ్, హేవ్ చేస్తాయి. లివ్డ్ గడిచిన ఏండ్లు చెప్తాది. దాని ముందర హేజ్ ఉంటే అది తెగిపోలేదు, ఈ పొద్దుటి దాకా వచ్చిందని అర్థం. హేజ్ తీసేస్తివా, తెగింది. ఆ యమ్మ ఉండె, ఇప్పుడు లేదు."

"అయితే హేడ్ లివ్డ్ అని ఉంటాది గదా సార్, అదెప్పుడు?"

"గడిచిపోయినవి రెండుంటే, వాటిల్లో ముందుది ఏదో చెప్పేదానికి. నేను స్టేషనుకు పోయేసరికి రైలు వెళ్ళిపోయింది. పోవడమూ గడిచిందే, వెళ్ళిపోవడమూ గడిచిందే. రైలు ముందు, నేను తర్వాత. ఆ ముందుదానికి హేడ్. ఊరికే గొప్పకోసం పెట్టగాకు. రెండో సంగతి పక్కన ఉంటేనే దాంతో పని."

ఆ రాత్రి అన్నం తిని సుధారాణి ఒక నోటుబుక్కు తీసుకుంది. మాస్టరు మాటలు కాపీ రాయలేదు. తన ఇంట్లో సంగతులే ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టింది. వాళ్ళ నాయన పట్టుదారం తీసే ఫ్యాక్టరీలో పదేళ్ళు పనిచేశాడు, కళ్ళు మసకలు వచ్చి మానేశాడు. కాబట్టి నాయనకు 'వర్క్డ్'. వాళ్ళమ్మ మదనపల్లె టమోటా మార్కెట్టులో కాయలు ఏరే పనికి పోతోంది, అదీ పదేళ్ళుగానే. ఇప్పటికీ పోతోంది. అమ్మకు 'హేజ్ వర్క్డ్'. అదే మాట, అవే పదేళ్ళు. రెండు వాక్యాలనూ ఒకదాని కింద ఒకటి పెట్టి చూసుకుంది. ఎవరో తెలిసీ తెలియని పిల్ల ఆ హేజ్ తీసేస్తే కాగితం మీద అమ్మ పని పోయినట్టే. ఇంతకాలం ఇ-డి చేర్చడమే ఇంగ్లీషు అనుకుంది. చేర్చిన తర్వాత దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే అసలు ఇంగ్లీషని అప్పటికి గానీ తెలియలేదు.

ఆదివారం పొద్దున్నే బయలుదేరింది. పుంగనూరు నుంచి పలమనేరు, అక్కడి నుంచి కుప్పం, కుప్పంలో ఇంకో బస్సు. రోడ్డు దగ్గర రామక్క కాచుకుని ఉంది. నిజంగా వస్తుందని నమ్మినట్టు లేదు. సుధారాణి బస్సు దిగుతుంటే ముక్కు మీద వేలేసుకుంది.

ఇల్లు ఊరి చివర, అడివి వైపు. రెండు గదులు, పైన పెంకులు. సుధారాణి లోపలికి పోకుండా ముందు బయట చుట్టూ తిరిగి చూసింది. మూడు గోడలు పాతవి, వానకు చారలు పడి ఉన్నాయి. వెనక గోడ మాత్రం కొత్తది, మట్టి రంగు వేరుగా ఉంది.

"ఈ గోడ ఏమైందవ్వా?"

"ఏనుగులు తోసినాయి గదా! పక్కింటోళ్ళు రాగి వామి నా ఇంటెనక ఏసుకున్నారు. దాని కోసమొచ్చినాయి. తెల్లారుజామున బైటికి పొయ్యొచ్చేసరికి గోడ లేదు. లోపలుంటే నేనూ లేను."

"ఇది ఎప్పుడు?"

"తొంబై అయిదులో. రాగి కోతలప్పుడు. డిసెంబరు ఆఖరు."

"అప్పుడు యాడుండావు?"

రామక్క కొంచెం తటపటాయించింది. "సెప్తే మళ్ళా ఏమన్నా తప్పైతాదేమో."

"తప్పు కాదవ్వా. జరిగింది జరిగినట్టు చెప్పు. ఎట్లా రాయాల్నో నాకు తెలుసు ఇప్పుడు."

"రామకుప్పంలో మా సెల్లెలింట్లో రెండు నెలలుంటి. గోడ లేని ఇంట్లో యాడుండేది? ఫిబ్రవరిలో నేనూ మా సెల్లెలి మొగుడూ గోడ పెట్టుకుంటిమి. మార్చి ఒకటో తేదీ మళ్ళా పొయ్యి ముట్టించినా ఈడ. ఆ రెండు నెలలే పట్టుకోని ఇల్లిడిసి పోయిందని అర్జీ పెట్టినారు ఎవురో. ఎవురో నాకూ తెలుసులే."

సుధారాణి ఇంటి ముందు గడప మీద కూర్చుని అన్నీ వరసగా రాసుకుంది. వచ్చింది ఎప్పుడు, అంకయ్య పోయింది ఎప్పుడు, గోడ పడింది ఎప్పుడు, చెల్లెలింట్లో ఎన్ని దినాలు, గోడ పెట్టింది ఎప్పుడు, తిరిగొచ్చింది ఎప్పుడు. ప్రతిదాని పక్కనా ఇంకో మాట కూడా రాసుకుంది: తెగిందా, తెగలేదా. రామక్క సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. తింటున్నంతసేపూ ఆ పిల్ల కాగితం వైపే చూస్తుంటే, "కూడు సూసి తిను పాపా, అక్షరాలు యాడికీ పోవు" అని నవ్వుతూనే కసిరింది. మే నెల తర్వాత ఆమె సుధారాణితో నవ్వుతూ మాట్లాడింది అప్పుడే.

సోమవారం అంగట్లో బాబు సాహెబ్ తన మిషను ముందు నుంచి లేచాడు. మూడు మిషన్లలోకీ అది మంచిది, అక్షరం దిట్టంగా పడుతుంది. దాన్ని ఆయన ఎవరికీ ఇచ్చేవాడు కాదు.

"ఈడ కూచో" అన్నాడు.

ఆమె నమూనా తీసుకోలేదు. నోటుబుక్కు పక్కన పెట్టుకుని ముందు తెల్ల కాగితం మీద రాసుకుంది, రెండుసార్లు మార్చింది, మూడోసారి చదువుకుని తల ఊపుకుంది. తర్వాత స్టాంపు కాగితం ఎక్కించింది. బాబు సాహెబ్ స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నాడు.

1975లో డిపోనెంటూ ఆమె భర్తా ఈ ఇంట్లోకి వచ్చారు: 'మూవ్డ్'. అది ఒక రోజు జరిగి ముగిసిన పని. 1995 డిసెంబరులో అడివి ఏనుగులు వెనక గోడను పాడుచేశాయి: 'డ్యామేజ్డ్'. అప్పటికి ఆమె ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో కాపురముంది: 'హేడ్ లివ్డ్'. రెండు నెలలు చెల్లెలింట్లో ఉంది: 'స్టేడ్'. గోడ బాగుచేసుకుంది: 'రిపేర్డ్'. 1996 మార్చి ఒకటిన తిరిగొచ్చింది: 'రిటర్న్డ్'. ఆ తేదీ నుంచి ఈ రోజు దాకా ఆమె ఆ ఇంట్లోనే ఉంటోంది.

అక్కడ సుధారాణి వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. 'హేజ్ లివ్డ్' అని కొట్టింది. ఆ మూడక్షరాలూ, ఒక ఖాళీ, ఆ అయిదక్షరాలూ ఆమె ఇంతకు ముందెప్పుడూ అంత నిదానంగా కొట్టలేదు.

"అదేంది, యాడ జూసినా ఇ-డి ఉండాది గదా," బాబు సాహెబ్ అడిగాడు. "దీనికి హేజ్ యాల, పైదానికి హేడ్ యాల?"

ఆయన అలా అడగడం అదే మొదటిసారి. సుధారాణి చెప్పింది. మాస్టరు చెప్పినట్టు కాకుండా, ఆ ఇంటి గోడ పెట్టి చెప్పింది. గోడ పడకముందు ఉన్న ఇరవై ఏళ్ళకు హేడ్. గోడ నిలబెట్టుకుని వచ్చినప్పటి నుంచి ఇప్పటి దాకా ఉన్నదానికి హేజ్. మధ్యలో జరిగి ముగిసినవాటికి వట్టి ఇ-డి చాలు.

బాబు సాహెబ్ తన రెండు చేతులూ ముందుకు చాపి వేళ్ళ వైపు చూసుకున్నాడు. "ముప్పై ఏండ్లు బేటీ. ముప్పై ఏండ్లుగా ఈ వేళ్ళకు తెలిసింది నాకు తెలీలే" అని నవ్వాడు. కాగితం అడుగున ఎప్పుడూ అంగడి పేరు కొట్టే చోటు చూపించి, "ఈడ నీ పేరు కొట్టు" అన్నాడు.

"నా పేరా సార్?"

"టైపు చేసినోళ్ళ పేరు కాదు. రాసినోళ్ళ పేరు. వకీళ్ళు కొట్టిస్తారు గదా, డ్రాఫ్టెడ్ బై అని. అట్ల కొట్టు."

ఆమె కొట్టింది: 'డ్రాఫ్టెడ్ బై పి. సుధారాణి'. ఒక్క దిద్దుబాటు లేకుండా కాగితం బయటికొచ్చింది.

రెండు రోజుల తర్వాత వేలిముద్ర కోసం రామక్క మళ్ళీ బస్సెక్కి రాక తప్పలేదు. ఆంజనేయులు ఆమెనూ సుధారాణినీ ఆఫీసరు గదిలోకి తీసుకుపోయాడు. ఆఫీసరు కొత్తగా వచ్చినవాడు, చిన్నవాడు, తెలుగు తడుముకుంటూ మాట్లాడతాడు. పాత కాగితం, కొత్త కాగితం రెండూ ముందర పెట్టుకుని చదివాడు. కొత్తదాన్ని రెండోసారి చదివాడు. అడుగున పేరు చూసి తలెత్తాడు.

"సుధారాణి ఎవరు? అడ్వొకేటా?"

"కాదు సార్. ఎదురు అంగట్లో టైపిస్టు" అన్నాడు ఆంజనేయులు.

ఆఫీసరు ఆమె వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగాడు. మొదటి కాగితంలో లివ్డ్ అని ఉంది. దీంట్లో ఒకచోట హేడ్ లివ్డ్, ఒకచోట హేజ్ లివ్డ్. ఏది నిజం? ఎందుకు మారింది?

సుధారాణి అంతవరకు ఇంగ్లీషు కొట్టిందే గానీ నోరు తెరిచి పెద్దవాళ్ళ ముందు మాట్లాడింది లేదు. పక్కన రామక్క తన ముఖం వైపే చూస్తోంది, ఒక్క మాట అర్థం కాకపోయినా.

"ఫస్ట్ పేపర్ ఈజ్ మై మిస్టేక్, సార్" అంది. "ఐ టైప్డ్ ఇట్ రాంగ్లీ. షి డిడ్ నాట్ సే దట్." కొత్త కాగితం వైపు వేలు చూపించింది. "హేడ్ లివ్డ్, దట్ ఈజ్ బిఫోర్ ది ఎలిఫెంట్స్. హేజ్ లివ్డ్, దట్ ఈజ్ అప్ టు టుడే. ఐ విజిటెడ్ ది హౌస్, సార్. ది న్యూ వాల్ ఈజ్ దేర్."

ఆఫీసరు మొహంలో నవ్వు రాలేదు గానీ కుర్చీలో వెనక్కి వాలాడు. "గుడ్" అన్నాడు. కలం తీసుకుని, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు (ఆర్.ఐ.) వెళ్ళి స్థలం చూసి వారంలో రిపోర్టు ఇవ్వాలని రాశాడు. కాగితం ఆంజనేయులుకిస్తూ, "ఇంత స్పష్టంగా రాసిన అఫిడవిట్టు ఈ నెల్లో ఇంకోటి చూడలేదు" అన్నాడు, తెలుగులోనే, తప్పులేకుండా.

బయటికొచ్చాక మెట్ల మీద రామక్క ఆమె చెయ్యి పట్టుకుంది. "ఏమడిగినాడు? ఏం సెప్పినావు?"

"నువ్వు ఇంకా ఆ ఇంట్లోనే ఉండావా అని అడిగినాడు. ఉండావని చెప్పినా."

"ఇంత సిన్న మాటకా మనిద్దరం ఇన్ని బస్సులు తిరిగింది!" అంది రామక్క.

ఆర్.ఐ. వచ్చి చూసి పోయాడు. కొత్త గోడ, కాలుతున్న పొయ్యి, చుట్టుపక్కల నలుగురి మాట, అన్నీ రాసుకున్నాడు. జనవరిలో కుప్పంలో పట్టాలు పంచినప్పుడు రామక్క పేరు పిలిచారు. సుధారాణి, బాబు సాహెబ్ ఇద్దరూ అంగడికి తాళం వేసి మరీ వెళ్ళారు. రామక్క పట్టా అందుకుని కిందికి దిగి, కనపడిన వాళ్ళందరికీ సుధారాణిని చూపించింది. "ఇదో, ఈ పాపే. ముందర తప్పు రాసింది, మళ్ళా సక్కంగా రాసింది. ఆఫీసరు కండ్లలో కండ్లు పెట్టి ఇంగ్లీషులో సెప్పింది." తప్పు రాసిన సంగతి ఆమె ఎవరి దగ్గరా వదల్లేదు. బాబు సాహెబ్ పగలబడి నవ్వాడు. సుధారాణికి ఆ రోజు ఆ మాట కూడా పొగడ్తలాగే వినిపించింది.

ఆ ఏడు నుంచి బాబు సాహెబ్ నమూనాల కట్టలో కొత్త కాగితాలు చేరుతూ వచ్చాయి, సుధారాణి రాసినవి. వకీళ్ళ గుమాస్తాలు సైతం, "ఈ వాక్యం ఒకసారి చూడమ్మా" అంటూ వచ్చేవాళ్ళు. ధనుంజయ మాస్టరు ప్రతి ఏడూ పదో తరగతి పిల్లలకు ఆ పాఠం చెప్పే రోజు ఆమెను బడికి పిలిపించేవాడు. తాను వెనక బెంచీలో కూర్చుని, రామక్క గోడ కథ ఆమె చేతే చెప్పించేవాడు.

2002లో అంగట్లోకి కంప్యూటరు వచ్చింది. తప్పు కొడితే మాట కింద ఎర్ర గీత పడుతుంది. బాబు సాహెబ్ ముచ్చటపడి ఒక రోజంతా దాని ముందు కూర్చున్నాడు.

"ఇంగ మనతో పనేముంది బేటీ? తప్పులన్నీ ఇదే పడతాండాది."

సుధారాణి ఆయన ముందే 'షి లివ్డ్' అని కొట్టింది. గీత పడలేదు. 'షి హేజ్ లివ్డ్' అని కొట్టింది. గీత పడలేదు. 'షి హేడ్ లివ్డ్' అని కొట్టింది. దానికీ పడలేదు.

"మూడూ రైటే అంటాంది సార్ ఇది. ఆ మనిషికి ఏది రైటో దీనికి తెలీదు."

బాబు సాహెబ్ తెర మీది మూడు వాక్యాలనూ వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకున్నాడు. అర్థమైనట్టు ప్రతిదానికీ తల ఊపాడు. అంతలో గుర్రంకొండ నుంచి ఒకాయన ఏదో అర్జీ రాయించుకోవాలని వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. సుధారాణి కీబోర్డు మీద నుంచి చేతులు తీసి, కుర్చీ ఆయన వైపు తిప్పుకుని, "చెప్పప్పా, మొదట్నుంచి చెప్పు" అంది.